రోజూ తలనొప్పి... మాత్ర వల్లేనా?

ప్రశ్న: నా వయసు 38. ఒకప్పుడు నెలకు రెండు మూడుసార్లు పార్శ్వపు నొప్పి వచ్చేది. ఏడాదిగా దాదాపు రోజూ తలనొప్పే. మాత్ర వేసుకుంటే తగ్గి, తెల్లారేసరికి మళ్లీ మొదలవుతోంది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. ఇంట్లోవాళ్లు ఇదంతా నా భ్రమ అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ నొప్పి భ్రమ కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి, రోజూ వేసుకునే మాత్రే నొప్పిని తెచ్చిపెడుతుండొచ్చు. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు 10 రోజులు, అంతకుమించి మూడు నెలలకు పైగా వాడితే ఈ సమస్య రావచ్చు. ఇది స్కానింగ్‌లో కనిపించదు.

ముందుగా క్యాలెండర్‌లో తలనొప్పి వచ్చిన రోజుకు సున్నా చుట్టండి, మాత్ర వేసుకున్న రోజుకు టిక్కు పెట్టండి. దాన్ని తీసుకెళ్లి న్యూరాలజిస్టుకు చూపించండి. మాత్రలు ఎలా మానాలో ఆయన చెబుతారు. ట్రమడాల్ వంటివి వాడుతుంటే సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు.

మానిన కొత్తలో వారం, పది రోజులు నొప్పి పెరగొచ్చు. వికారంగా ఉండొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. చాలామంది అక్కడే ఓడిపోయి మళ్లీ మాత్ర అందుకుంటారు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ల ఆసరా చాలా అవసరం. నొప్పి రాకుండా ముందుజాగ్రత్తగా వాడే అమిట్రిప్టిలిన్, ప్రొప్రనొలాల్ వంటి మందులున్నాయి. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఉబ్బసం ఉంటే ప్రొప్రనొలాల్ వాడకూడదు కాబట్టి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఎన్నడూ లేనంత తీవ్రమైన నొప్పి హఠాత్తుగా వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చేయి, కాలు బలహీనపడినా క్యాలెండర్ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.