గొట్టం పరీక్షంటే భయం ఎందుకు పోవడం లేదు?

ఈసారి కొంచెం కడుపు సంగతి.

డాక్టరు ఎండోస్కోపీ రాసిస్తే మన పెద్దవాళ్లలో చాలామంది ఆ చీటీని బీరువాలో పెట్టేస్తారు. "గొట్టం మింగాలంట, ఊపిరి ఆగిపోతుందంట" అని ఎవరో చెప్పుంటారు. మింగుడు పడకపోయినా, ఊరికే బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా అవుతున్నా జెలుసిల్ తాగుతూ నెలలు గడిపేస్తారు. వీళ్లను పిరికివాళ్లని తిట్టడం మాకు నచ్చదు. ఏం జరుగుతుందో ముందు చెప్పనివాళ్లదే ఎక్కువ తప్పు. మేము రైల్వే కౌంటర్లో కూర్చున్నవాళ్లం. బండి రెండు గంటలు లేటని బోర్డు మీద రాస్తే జనం టీ తాగి వచ్చేవాళ్లు. రాయకపోతే అరగంటకే మా మీద పడేవాళ్లు.

1868లో కుస్మాల్ అనే జర్మనీ డాక్టరు, కత్తులు మింగే గారడీవాడి చేత నిటారు లోహపు గొట్టం మింగించి కడుపులోకి చూడబోయాడట. మనవాళ్ల భయం ఇంకా ఆ గొట్టం దగ్గరే ఉంది. ఇప్పటిది సుమారు 9, 10 మిల్లీమీటర్ల మందమున్న, మెత్తగా వంగే గొట్టం. అది పోయేది అన్నం పోయే దారిలో, ఊపిరి దారిలో కాదు. చూడడం మాత్రమే అయితే మామూలుగా పది నిమిషాల లోపే అయిపోతుంది.

గొంతులో మొద్దుబారే మందు స్ప్రే చేస్తారు. అప్పుడు గొంతు వాచినట్టు, మింగలేనట్టు ఉంటుంది. అది మందు పనే. ఎడమ పక్కకు పడుకోబెట్టాక ఉమ్మి మింగకుండా బయటికి కారనివ్వాలి, ముక్కుతో నిదానంగా ఊపిరి తీసుకోవాలి. లోపలికి గాలి ఊదుతారు కనుక తేన్పులు వస్తాయి, సిగ్గుపడనక్కర్లేదు. ఈ నాలుగు మాటలు ముందే చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. అయినా చాలాచోట్ల "పడుకోండి, నోరు తెరవండి" అంతే.

ఇక మత్తు సంగతి. స్ప్రేతో చేయించుకోవాలా, మత్తు సూది కూడా వేయించుకోవాలా అని రోగిని అడగాలి. అందరికీ స్ప్రే చాలని ఆస్పత్రి తేల్చేయకూడదు, మత్తే కావాలని మనమూ పట్టుబట్టకూడదు. గుండె జబ్బు, ఆయాసం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే దాచకుండా చెప్పాలి. మత్తు తీసుకుంటే తోడు మనిషి తప్పనిసరి, మరునాటి దాకా బండి నడపకూడదు. రక్తం పలుచబడే మాత్రలు, ఇన్సులిన్ గురించి ముందుగానే అడగాలి. కట్టుడు పళ్లు తీసేయాలి. గొంతు తిమ్మిరి పూర్తిగా పోయేదాకా కాఫీ కోసం తొందరపడొద్దు, పొలమారుతుంది.

భాష కూడా ఉంది. మేము తమిళంలోనే చదువుకున్నాం, మాకు ఇబ్బంది లేదు. కడప, నెల్లూరు వైపు నుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఉన్న పెద్దవాళ్ల సంగతి వేరు. నర్సమ్మ "మూచ్చు విడుంగ" అంటుంది. ఊపిరి తీసి వదలండి అని ఆమె భావం. మన పెద్దమ్మకు 'విడు' ఒక్కటే అర్థమై, ఊపిరి వదిలి బిగబట్టుకుంటుంది! పళ్ల మధ్య ప్లాస్టిక్ కట్టు పెట్టాక నోరు పెగలదు. అందుకే చెయ్యి ఎత్తితే ఒక్క క్షణం ఆపమని డాక్టరుతో ముందే సైగ ఒప్పందం చేసుకోవాలి. తోడు మనిషిని తలుపు దాకా రానిచ్చి, ఆ రెండు మాటలు తెలుగులో చెప్పనిస్తే ఆస్పత్రికి పోయేదేమీ లేదు.

ఈ విషయాలన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో, తమిళంలో ఒక కాగితం మీద వేయిద్దాం. మన సంఘంలో నర్సులుగా రిటైరైన అక్కయ్యలు ముందు సరిచూడాలి. తోడు లేనివాళ్లు ముందురోజు సాయంత్రం లోపల గ్రూపులో రాయండి. మా రిటైర్డు బ్యాచ్‌లో పొద్దున పూట ఖాళీగా ఉండేవాళ్లం నలుగురున్నాం.