తారలు తప్పుకొన్న పిదప

కాజీపేట కూడలి మన వరంగల్లు వాకిటిలోనిది. అచట రేయింబవళ్లు వచ్చిపోవు బండ్లను మన మెరుగుదుము గాని, రైల్వేవారి స్త్రీల క్రికెట్టు జట్టు ఘనతను మనలో పెక్కుమంది యెరుగరు. దేశములోని రాష్ట్రజట్ల నడుమ జరుగు పోటీలలో అది యేండ్ల తరబడి మేటిగా నిలిచినది. సికింద్రాబాదున పెరిగి, దక్షిణమధ్య రైల్వేలో ఉద్యోగినియైన మిథాలీ రాజ్ ఆ జట్టుకు వన్నె తెచ్చినది. 2022 జూన్ 8వ తేదీన ఆమె అంతర్జాతీయ క్రికెట్టునుండి విరమించునాటికి, 232 ఒకరోజు పోటీలలో 7,805 పరుగులు చేసి, ప్రపంచమున మరి యే స్త్రీయు అందుకొనని యెత్తున నుండెను.

ఇంటి పెద్ద తాళపుచెవులు అప్పగించిననాడు సంసార మెట్లు సాగునో యని అందరును దిగులుపడుదురు. మిథాలీ తప్పుకొన్ననాడును అట్టి దిగులే కలిగినది. కాని 2022-23, 2023-24 సంవత్సరముల ఒకరోజు ట్రోఫీని రైల్వేవారే గెలిచిరి. ఏలన, ఆ జట్టు బలము ఒక్కతె చేతి బ్యాటులో లేదు, నెలజీతములో నున్నది. ఆటనేర్చిన పిల్లకు ఉద్యోగము నిచ్చుటచేతనే పంజాబునుండి హర్మన్‌ప్రీత్ కౌర్, డెహ్రాడూనునుండి స్నేహ్ రాణా, మన హైదరాబాదునుండి అరుంధతీ రెడ్డి వంటివారు ఆ పంచకు చేరిరి.

నేడు ఆ పంచ యొక్కటియే దిక్కుగాదు. 2023లో స్త్రీల ప్రీమియర్ లీగు మొదలైనపిదప ఆటయే జీవనమిచ్చు దారి వెడల్పైనది. హర్మన్‌ప్రీత్ అంతకుముందే రైల్వేను వీడినది; అరుంధతియు వీడి వేరుజట్టుకు ఆడినది. 2024-25లో ట్రోఫీ మధ్యప్రదేశ్ జట్టుకు దక్కినది. దీనిని పతనమని మే మనజాలము. ఒకయింటి దీపమునుండి పదియిండ్ల దీపములు వెలిగినట్లే భావింతుము.

మే మెరిగిన యొక తల్లి, "మిథాలీ ఒక్కతెయే పుట్టును, మనకేల?" యని పదునాలుగేండ్ల కూతురి ఆట మాన్పించినది. నాడు మేము మారు పలుకలేదు. అది మా తప్పు. భద్రాచలపు బిడ్డ గొంగడి త్రిష 2025లో కౌలాలంపూరున 19 ఏండ్లలోపు బాలికల ప్రపంచకప్పు గెలిచిన జట్టులో నుండి, ఆ పోటీలకెల్ల ఉత్తమ క్రీడాకారిణి యనిపించుకొనెను. ఆమె తలిదండ్రులును "మనకేల?" యని యుండినచో?

పెద్దలు తప్పుకొనక మానరు. ఖాళీయైన ఆ చోటికి మన యోరుగల్లు వాకిటినుండి యొక బిడ్డ బయలుదేరునో లేదో, అది తల్లులమైన మన చేతిలోనిది.