పొలంలో తిట్టుకునే చౌడే మిద్దెకు కాపలా

పై వీడియోలో కనిపించే మట్టిమిద్దె వేంపల్లెలో మాదే. 2021 నవంబరు వానలకు మిద్దె చుక్క కారలేదు గానీ గోడ చెమర్చింది. విత్తనానికి దాచిన శెనక్కాయ మూటలు రెండు బూజు పట్టినాయి. తప్పు నాదే. మట్టితో కట్టిన రాతిగోడకు అందంగా ఉంటుందని బయట సిమెంటు పూయించినా. పగుళ్ళలో దూరిన నీళ్ళకు మళ్ళీ బయటికొచ్చే దారి లేకపోయింది. ఇప్పుడు దాన్ని గీకించి సున్నం గార పెట్టిస్తున్నా. సున్నం తేమను బయటికి వదుల్తుంది.

మిద్దెను కాపాడింది చౌడు మన్ను. చౌడు నేలలో నీళ్ళు ఇంకవని తిట్టుకుంటాం కదా, సోడియం వల్ల బంకమట్టి రేణువులు విడిపోయి సందులు పూడ్చేస్తాయి. ఆ గుణమే పైన పనికొస్తుంది. అయితే ఏటా వానలకు ముందే గడ్డి పీకి మన్ను సర్దాలి. పాతది తీయకుండా పైపైన పోస్తూపోతే దూలాలు మోయలేవు.

స్లాబు వేసుకునేవాళ్ళు కూడా, నన్నడిగితే, రసాయనం డబ్బాల కంటే ముందు వాలు చూసుకోండి. సన్‌షేడ్ అడుగున అంచు పొడుగునా చిన్న గాడి పెట్టిస్తే నీళ్ళు గోడకు పాకకుండా అక్కడే కింద పడతాయి. మేస్త్రీ "ఎందుకులే అన్నా" అంటాడు. పక్కన నిలబడి పెట్టించుకోండి.