దిక్కులేని మృతులు

పెద్దలకు విగ్రహములు నిలుపుటలో మనకుఁ గల యుత్సాహము పేదల యెముకలపై నొక్క ఱాయి నాటుటలోఁ గానరాదు. ఈ మాట కఠినమని తోఁచినవారు థాయిలాండు దేశమందలి కాంచనబురికిఁ బోయి చూతురుగాక.

1942-43 సంవత్సరములలో జపాను సైన్యమువా రా దేశమునుండి బర్మాకు 400 కిలోమీటర్లకుఁ బైబడిన రైలుమార్గము వేయించిరి. ఆ పనిలో యుద్ధఖైదీలు సుమాఱు 13,000 మంది మడిసిరి. కాంచనబురి శ్మశానవాటికలో వారిలో నించుమించు 7,000 మందికి సమాధు లున్నవి. చాలవఱకుఁ బేరు చెక్కిన ఫలకములు గలవు. అది న్యాయమే. కాని యా మార్గముననే మరణించిన యాసియా కూలీలు 80,000 మొదలు లక్షవఱకు నుందురని యంచనా. అంచనాయే గాని లెక్క లేదు. వారిలో మలయా రబ్బరుతోఁటలనుండి తరలింపఁబడిన తమిళులు వేలకొలఁది. వారితోడఁ దెలుఁగువారును గలరు. కలరా సోఁకినప్పుడు వైద్యము కఱవు. చచ్చినపిమ్మటఁ గర్మ చేయువాఁడు కఱవు.

“చచ్చినవారికి ఱాళ్లేల? ఆ ధనముతో బ్రతికినవారికిఁ గూడు పెట్టరాదా?” యని కొంద ఱందురు. ఈ ప్రశ్నను వారు విగ్రహావిష్కరణసభలలో నేల యడుగరో తెలియదు. “అది పరదేశపు సంగతి” యని మఱికొంద ఱందురు. తర్పణము విడుచు గృహస్థుఁడు బంధువులు లేని మృతులకుఁ గూడ నీరు విడుచుచున్నాఁడే! ఆ విధి చేతికి వచ్చినది గాని మనసునకు రాలేదు.

నేఁడు మనవారు వేడుకకై యా దేశమునకుఁ బోయి, క్వాయి నది వంతెనకడ ఛాయాచిత్రము తీయించుకొని మరలుచున్నారు. శ్మశానవాటిక ప్రక్కనే యా రైలుమార్గపుఁ జరిత్రకై 2003లో వెలసిన ప్రదర్శనశాల గలదు. రుసుము చెల్లించి యొక్క గంట యందుఁ గడపుట భారమా? ప్రభుత్వములు పోషించు సమాధులకు మన కాసు అక్కఱలేదు. ఇట్టి సంస్థలకు గలదు. మలేషియాలో డెత్ రైల్వే ఇంటరెస్ట్ గ్రూపు అను సంఘమువారు బ్రతికివచ్చిన కూలీల నోటిమాటలు సేకరించిరి. 2023లో కాంచనబురియందలి బౌద్ధాలయమునఁ దమిళకూలీలకు నడుగల్లు, అనఁగా మన వీరగల్లు వంటిది, నిలిచినది. తమిళులు తమవారిని వెదకికొనిరి. మనమో?

చదువరులారా, చందా పంపుఁడు. అంతకంటె ముందు, మలయాకుఁ బోయి మరలిరాని పూర్వుఁడు మీ వంశమున నున్నాఁడేమో యింటి పెద్దల నడుగుఁడు. పేరు, ఊరు, పోయిన యేఁడు వ్రాసి యట్టి సంఘములకుఁ దెలుపుఁడు. ఱాయి చెక్కుటకు శిల్పి యెచ్చటనైన దొరకును. చెక్కవలసిన పేరు మాత్రము మన యిండ్లనుండియే పోవలెను.