మూతబడిన కొట్టు

మా వీధి మొగలో ఒక కొట్టుంది. ఎనిమిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. అంతే. రెండేళ్లపాటు దాని షట్టరు దించే ఉంది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత దానిమీద సినిమా పోస్టరు పడింది. పోస్టరుమీద ట్యూషన్ల కాగితం పడింది. ఆనక మెట్లమీద చెత్త గుమ్మరించడం మొదలైంది. వీధిలో మూతబడిన కొట్టు నోట్లో ఊడిన పన్నులాంటిది. తక్కినవి ఎంత బాగున్నా చూపు అక్కడికే పోతుంది.

మేము విజయవాడలో ఈ వీధికి కాపరానికొచ్చిన నాడు అది కిరాణా కొట్టు. 1990ల్లో కొట్టాయన ఓ మూల గాజు గది కట్టించి ఎస్.టి.డి. బూత్ పెట్టాడు. రాత్రి 11 దాటితే పావు చార్జీ. అందుకని చలికాలంలో కూడా శాలువాలు కప్పుకుని వరసలో నిలబడేవాళ్లం. ఎవరింట పురుడొచ్చిందో, ఎవరబ్బాయికి ఉద్యోగం దొరికిందో ఆ వరసలోనే తెలిసేది. తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లొచ్చాయి, బూత్ పోయింది. ఫోన్లో చెబితే పప్పూ ఉప్పూ గుమ్మంలోకి రావడం మొదలెట్టాయి, కిరాణా పోయింది. అలా తెప్పించుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి, దాచడమెందుకు? ఆయన కాలం చేశాక జెరాక్సు అబ్బాయొకడు అద్దెకు దిగి, కొన్నాళ్లకు అతనూ ఖాళీ చేశాడు.

ఓ ఆదివారం వీధి పెద్దలం మా అరుగుమీద సభ తీర్చాం. ఒకాయన ఏ.టి.ఎం. పెట్టిద్దామన్నాడు. ఒకాయన కర్రీ పాయింటన్నాడు. నేను లేచి గ్రంథాలయమన్నాను. అనడమేమిటి, ఉపన్యాసమే ఇచ్చాను. ఈ ఊళ్లో రామమోహన గ్రంథాలయం 1911లో పుట్టిందన్నాను. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో వెలిసిందన్నాను. 1935లో మన కృష్ణా కాలవలమీద పడవల్లో పుస్తకాలు ఊరూరా తిరిగాయన్నాను. “పడవలో పుస్తకాలు తిప్పినవాళ్లం, కొట్లో పెట్టలేమా?” అనేసరికి చప్పట్లు కూడా పడ్డాయి.

ఆ ఊపులోనే కొట్టు వెనక వాటాలో ఉండే మామ్మగారి దగ్గరికి వెళ్లాం. కొట్టాయన భార్య. ఆవిడ అంతా విని, కాఫీ ఇచ్చి, లోపలినుంచి ఓ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది.

“కాస్త చదివి పెట్టు నాయనా. కళ్లజోడు పగిలింది.”

ఇంటి పన్ను రసీదు. చదివాను. మధ్యలో గ్రంథాలయ పన్నని ఉంది, పన్నులో రూపాయికి 8 పైసల లెక్కన.

“చూశావా? మూసిన కొట్టుమీద కూడా గ్రంథాలయానికి కడుతూనే ఉన్నాను. దీపం వెలిగించకపోయినా మీటరుకు కడుతున్నాను. ఇక కొట్టే ధారపోస్తే నేనేం తిననూ?”

నా ఉపన్యాసం గొంతులోనే ఎండిపోయింది. కళ్లజోడు ఎప్పుడు పగిలిందని అడిగాను.

“జెరాక్సు అబ్బాయి వెళ్లిన నెల్లో.”

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది. “సభలో చప్పట్లు కొట్టినవాళ్లు నెలకెంతిస్తామన్నారు?” అని అడిగింది. ఎవరూ ఏమీ అనలేదన్నాను. “అయినా ఆ కొట్టు రోజంతా ఒకరికే ఎందుకివ్వాలి? పొద్దున ఒకరికీ, సాయంత్రం ఒకరికీ ఇవ్వకూడదా?” అంది.

మా వెనక సందులో క్యారేజీలు కట్టే ఆవిడ ఉంది. కూరలమ్మడానికి మొగలో చోటు కావాలి. పూర్తి అద్దె ఇచ్చుకోలేదు. జెరాక్సు అబ్బాయి ఇచ్చిన అద్దె 5000 రూపాయలు. పొద్దున 7 నుంచి 1 దాకా వాడుకుని ఆవిడ 3000 ఇస్తానంది. సాయంత్రం 5 నుంచి 8 దాకా పఠన మందిరం. 40 ఇళ్లు, ఇంటికి 50 రూపాయల చొప్పున 2000. లెక్క సరిపోయింది. ఎవరు ఊడవాలి, కరెంటు ఎవరెంత కట్టాలి అన్నీ కాగితంమీద పెట్టించింది మామ్మగారే. పదకొండు నెలల ఒప్పందం.

చిక్కులు లేకపోలేదు. పుస్తకాలకు పోపు వాసన పట్టింది; వాటిని ఇనప బీరువాలోకి మార్చాం. 40 ఇళ్లలో నాలుగిళ్లవాళ్లు ఇంకా డబ్బివ్వలేదు. వసూలుకి నేనే తిరుగుతున్నాను. అది నా ఉపన్యాసానికి పడిన జరిమానా అంటుంది మా ఆవిడ.

మీ వీధిలోనూ ఇలాంటి షట్టరొకటి ఉండే ఉంటుంది. ఏదైనా పెట్టండి. కాని సభ తీర్చేముందు ఆ కొట్టు ఎవరికి అన్నం పెడుతోందో కనుక్కోండి.

నిన్న సాయంత్రం మామ్మగారు కొత్త కళ్లజోడు పెట్టుకుని వచ్చి కూచుంది. వారపత్రికలో సీరియలు చివరిదాకా చదివి, పేజీ తిరగేసి చూసి, నామీద విసుక్కుంది.

“ఇదేమిటయ్యా, పిల్ల పెళ్లి తేల్చకుండానే ఆపేశాడు? తరవాతది తెప్పించు!”

వచ్చే వారందాకా ఆగాలని చెప్పాను. ఆవిడకు నచ్చలేదు.