రాళ్ళ మీద లైట్లు

ఎత్తిపోతల వెళ్తాం, జలపాతం ముందు రీల్ తీసుకుంటాం, మొసళ్ళను చూసి వచ్చేస్తాం. నేనూ రెండుసార్లు అంతే చేశాను. అక్కణ్ణుంచి అనుపు ఎంత దూరమని! సాగర్ నీళ్ళలో మునిగిన ఇక్ష్వాకుల విజయపురి కట్టడాలు కొన్నిటిని అక్కడ మళ్ళీ పేర్చారు. శిల్పాలు నాగార్జునకొండ దీవి మీది మ్యూజియంలో ఉన్నాయి.

శిల్పానికి కొత్త మీడియా అనగానే మనవాళ్ళకు తోచేది రంగు లైట్లు, వెనక ఓ గంభీరమైన గొంతు. పెళ్ళి పందిరికీ దానికీ తేడా ఏముంది?

నోరా అల్-బద్రి, యాన్ నికోలాయ్ నెల్లెస్ అనే ఆర్టిస్టులు బెర్లిన్ మ్యూజియంలోని నెఫెర్టిటి శిల్పాన్ని రహస్యంగా స్కాన్ చేశామని చెప్పి, 2015లో ఆ త్రీడీ ఫైలును అందరికీ వదిలేశారు. ఆ చిన్న పరికరంతో అంత నాణ్యత రాదని నిపుణులు అనుమానించారు. గారడీయే కావచ్చు. కానీ బొమ్మ ఎవరిదన్న ప్రశ్న మ్యూజియం గోడ దాటింది.

బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి ఫలకాల గురించి కోపంగా పోస్టులు పెడతాం, సరే. మన దీవిలో ఉన్నవాటి మాటేమిటి? మాచర్ల పిల్ల ఒక జాతక కథా ఫలకాన్ని ఫోన్‌లో తిప్పి చూసి, ముక్కలు చేసి, తన ఇష్టమొచ్చినట్టు అతికించుకోనివ్వండి. ఆర్టిస్టుల సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.