పుచ్చంతా తవ్వాల్సిందేనా? డాక్టర్‌ని అడగండి

రెజ్యూమేని పదిసార్లు దిద్దుకునే మనం పంటి పుచ్చును మాత్రం నొప్పి పుట్టేదాకా పట్టించుకోం. తీరా వెళ్తే ‘రూట్ కెనాల్ చేయాలి’ అంటారు. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఆ ఖర్చు చిన్నదేం కాదు. అందుకే లోతైన పుచ్చు గురించి పరిశోధనలు ఏం చెబుతున్నాయో తెలుసుకోవాలి.

పాత పద్ధతిలో గట్టి భాగం తగిలేదాకా మొత్తం తవ్వేసేవారు. చిక్కేంటంటే, పుచ్చు లోతుగా ఉంటే ఆ తవ్వకంలోనే పల్ప్, అంటే నరం ఉండే లోపలి గుజ్జు బయటపడొచ్చు. అప్పటిదాకా బాగున్న పల్ప్‌కి మనమే ఎసరు పెట్టినట్టు!

ప్రాణమున్న, నొప్పి లేని పళ్లపై జరిగిన అధ్యయనాలను 2013లో కోక్రేన్ సమీక్ష పరిశీలించింది. పుచ్చును కొంత వదిలేసి మూసేస్తే పల్ప్ బయటపడే ముప్పు 77 శాతం, రెండు విడతల్లో తీస్తే 56 శాతం తగ్గిందని తేల్చింది. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం, 2019లో యూరోపియన్ ఎండోడాంటిక్ సొసైటీ కూడా ఇదే దారిని సూచించాయి.

పుచ్చు వదిలేస్తే పెరగదా? అంచుల్ని గట్టి భాగం దాకా శుభ్రం చేసి, పల్ప్ పైన మాత్రమే కాస్త మెత్తటి పొర ఉంచుతారు. ఫిల్లింగ్‌తో గట్టిగా మూసేస్తే లోపలి బ్యాక్టీరియాకు మనం తినే చక్కెర అందదు. పుచ్చు అక్కడే ఆగుతుంది. పల్ప్ తనకు తానే కొత్త డెంటిన్ పొర కట్టుకుంటుంది. పనిచేస్తున్న కోడ్‌ని చెరపకుండా బగ్‌ని కట్టడి చేయడం లాంటిదే ఇది.

అయితే ఇది అన్ని పళ్లకీ పనికిరాదు. దానంతటదే వచ్చే నొప్పి, రాత్రి నిద్ర పట్టనివ్వని పోటు, వాపు, చీము ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు రూట్ కెనాలే సరైన వైద్యం కావచ్చు. యాంటీబయాటిక్ మింగితే పుచ్చు పోదు.

కాబట్టి డాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడగండి. పల్ప్ బతికే ఉందా, పరీక్షించారా? పుచ్చును కొంత ఉంచి మూసే వీలుందా? మళ్లీ చెకప్‌కి ఎప్పుడు రావాలి? అడగడం అనుమానించడం కాదు, మన హక్కు. ఖర్చే అడ్డయితే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. పల్ప్‌ని కాపాడే ఈ అవకాశం ఎక్కువగా నొప్పి మొదలవ్వని పంటికే. ‘జాబ్ వచ్చాక చూద్దాంలే’ అనుకుంటే పుచ్చు ఆఫర్ లెటర్ దాకా ఆగదు.